జప్తు చేసిన ఆస్తుల సొమ్ముతో మన పోలీసు స్టేషన్లకు పరికరాలు కొనవచ్చా?

ప్రశ్న: కాలనీ సంఘం కార్యదర్శి, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. విశాఖ శివార్లలోని ఒక కాలనీ సంక్షేమ సంఘానికి నేను కార్యదర్శిగా పనిచేస్తున్నాను. గత నెల జరిగిన సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం ప్రతిపాదనకు వచ్చింది. దాన్ని మా శాసనసభ్యుడికీ, పోలీసు కమిషనరు గారికీ పంపే ముందు, చట్టం తెలిసినవారూ ఈ వ్యవహారంలో అనుభవం ఉన్నవారూ ఏమంటారో తెలుసుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

మా కాలనీలో ఏడాదిగా గంజాయి బెడద పెరిగింది. చీకటి పడ్డాక ఖాళీ స్థలాల్లో కుర్రవాళ్లు గుంపులుగా చేరుతున్నారు. పదో తరగతి చదివే పిల్లలు కూడా వారిలో ఉన్నారని తెలిసినప్పటి నుంచి తల్లిదండ్రులకు కంటి మీద కునుకు లేదు. 1972 నంబరుకు ఫోన్ చేస్తే మాదకద్రవ్యాల కట్టడికి రాష్ట్రం పెట్టిన ఈగల్ విభాగం వారు స్పందిస్తున్నారు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ రాత్రి గస్తీ పెంచమని స్టేషనుకు వెళ్లి అడిగితే, ఉన్న బళ్లలో ఒకటి మరమ్మతుకు వెళ్లిందనీ, రెండోదాన్ని బందోబస్తుకు పంపామనీ చెప్పారు. ఆ చెప్పిన అధికారి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆయన చేతిలో ఏమీ లేదని ఆయన ముఖమే చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు చూసిన దృశ్యమే ఈ తీర్మానానికి మూలం. ప్రహరీ గోడ పొడవునా కేసుల్లో పట్టుకున్న కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు రెండు వరుసల్లో నిలబడి ఉన్నాయి. ఒక తెల్లకారు నాలుగు టైర్లూ నేలకు అంటుకుపోయి, తలుపుల కింది అంచు తుప్పుతో పెచ్చులుగా రాలిపోయి ఉంది. మన ఊళ్లో సముద్రపు గాలికి ఇనుము ఎన్నాళ్లు ఆగుతుందో మీకు తెలియనిది కాదు. ఇంత ఆస్తి ఆవరణలో పెట్టుకుని స్టేషను గస్తీ బండి కోసం ఎదురుచూడడం ఏమిటని మా సభ్యులు బాధపడ్డారు.

అందుకని తీర్మానంలో ఇలా రాసుకున్నాము: "గంజాయి కేసుల్లో జప్తయిన వాహనాలు, ఇళ్లు, స్థలాలు అమ్మగా వచ్చిన సొమ్ములో సగం, ఆ కేసును పట్టుకున్న స్టేషనుకే పరికరాల కొనుగోలు కోసం ఇవ్వాలి." దీనికి ఇప్పుడున్న చట్టం ఒప్పుకుంటుందా? ఆ సొమ్ము నేడు ఎక్కడికి పోతోంది? ఒప్పుకోకపోతే, ఒప్పుకునేలా చట్టాన్ని మార్చమని అడగడం మంచిదేనా? దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: న్యాయవాది, జిల్లా కోర్టు ప్రాంగణం

కార్యదర్శి గారూ, మీ తీర్మానం వెనుక ఉన్న ఆవేదన న్యాయమైనదే. అయితే అందులో రెండు వేర్వేరు సంగతులు ఒకటిగా కలిసిపోయాయి. మీరు ఆవరణలో చూసినవి స్వాధీనం చేసుకున్న వాహనాలు, జప్తయినవి కావు. స్వాధీనం అంటే వస్తువు పోలీసుల అదుపులోకి వచ్చిందనే అర్థం. దాని మీద యజమాని హక్కు ఇంకా పోలేదు. జప్తు అంటే విచారణ జరిగి, యజమాని వాదన విని, అధికారం ఉన్నవారు ఉత్తర్వు ఇచ్చాక ఆస్తి ప్రభుత్వపరం కావడం. ఈ రెండింటి మధ్య సంవత్సరాలు గడుస్తాయి. ఆస్తి హక్కు నేడు ప్రాథమిక హక్కు కాకపోయినా, చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని రాజ్యాంగం 300ఎ అధికరణంలో స్పష్టంగా ఉంది.

గంజాయి కేసుల్లో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం రెండు దారులు చూపుతుంది. సరుకు మోసిన వాహనం 60వ సెక్షన్ కిందికి వస్తుంది. తనకూ, తన ఏజెంటుకూ, బండి బాధ్యత చూసేవారికీ తెలియకుండానే వాడారనీ, వారంతా తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారనీ యజమాని రుజువు చేసుకుంటే ఆ వాహనాన్ని జప్తు చేయకూడదు. రెండో దారి 1989లో చేర్చిన 5ఎ అధ్యాయం. గంజాయి డబ్బుతో కొన్న ఇల్లు, స్థలం, బ్యాంకు నిల్వ దీని కిందికి వస్తాయి. దర్యాప్తు అధికారి 68ఎఫ్ సెక్షన్ కింద ఆస్తిని స్తంభింపజేస్తే, ఆ ఉత్తర్వును 30 రోజుల లోపల సాధికార అధికారి, అంటే ఈ జప్తుల కోసం కేంద్రం నియమించిన అధికారి, ధ్రువీకరించాలి, లేకపోతే అది చెల్లదు. మన రాష్ట్రానికి సంబంధించిన సాధికార అధికారి కార్యాలయం చెన్నైలో ఉంది. అరెస్టుకు ఆరేళ్ల ముందు సంపాదించిన ఆస్తిని ఈ అధ్యాయం కింద తీసుకోలేరు. ఆ ఆరేళ్లలో కొన్నది సక్రమ సంపాదన అని చూపించుకోవలసిన భారం మాత్రం ఆస్తిపరుడి మీదే ఉంటుంది. జప్తు ఉత్తర్వు మీద 45 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఇక సొమ్ము ఎక్కడికి పోతుందన్నది మీ అసలు ప్రశ్న. 5ఎ అధ్యాయం కింద జప్తయిన ఆస్తి అమ్మకపు సొమ్ము 7ఎ సెక్షన్ ప్రకారం మాదకద్రవ్యాల దుర్వినియోగ నియంత్రణ జాతీయ నిధికి జమ అవుతుంది. ఆ నిధిని అక్రమ రవాణా అరికట్టడానికే కాక, వ్యసనపరుల చికిత్సకూ, పునరావాసానికీ, ప్రజల్లో అవగాహన కల్పించడానికీ వాడాలని అదే సెక్షన్ చెబుతుంది. పట్టుకున్న స్టేషనుకు వాటా ఇవ్వాలని అందులో ఎక్కడా లేదు. అది పార్లమెంటు చేసిన చట్టం కాబట్టి, మీ శాసనసభ్యుడు ఎంత మనసుపెట్టినా ఆ సెక్షన్‌ను మార్చలేరు.

ఇతర నేరాల సంగతికి వస్తే, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 107వ సెక్షన్ ప్రకారం, నేరం ద్వారా వచ్చిన ఆస్తిని కోర్టు జప్తు చేసి కలెక్టరు ద్వారా బాధితులకు పంచిస్తుంది. బాధితులు లేకపోయినా, పంచగా మిగిలినా అది ప్రభుత్వానికి చెందుతుంది. ప్రభుత్వానికి చెందిన ఆదాయం రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం సంచిత నిధిలోకి, అంటే ప్రభుత్వ ఆదాయం జమ అయ్యే ఖజానాలోకి వెళ్తుంది. అక్కడి నుంచి రూపాయి తీయాలన్నా శాసనసభ ఆమోదం కావాలి. ఇది అడ్డంకిలా కనిపిస్తుంది గాని, నా దృష్టిలో మన ప్రజాస్వామ్యానికి ఉన్న గట్టి రక్షణల్లో ఇదొకటి. ఆయుధం ధరించే శాఖ తన ఖర్చుకు తానే సంపాదించుకోకుండా, ప్రతి ఏడాదీ ప్రజాప్రతినిధుల ముందు చేయి చాచేలా ఈ ఏర్పాటు చూస్తుంది.

ఆవరణలో తుప్పు పట్టే వాహనాలకు మాత్రం పరిష్కారం ఇప్పటికే ఉంది. దాన్ని ఎవరూ అడగడం లేదు. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో, వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచవద్దని సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త సంహిత 497వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లింది. వస్తువు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టిక తయారు చేసి, ఫోటోలు, వీడియో తీయించి, ఆ తరువాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో కోర్టు ఉత్తర్వు ఇవ్వాలని అందులో ఉంది. మీ తీర్మానం అడగవలసినది దీని అమలును.

జవాబు 2: విశ్రాంత ఎస్సై

న్యాయవాది గారు చట్టం చెప్పారు. నేను స్టేషను లోపలి సంగతి చెబుతాను. మూడు దశాబ్దాలకు పైగా ఖాకీ వేసుకున్నాను. ఉత్తరాంధ్ర జిల్లాల్లోనే నా ఉద్యోగం అంతా గడిచింది.

పరికరాల కొరత అంటే జనానికి గస్తీ బండి, సైరను గుర్తుకు వస్తాయి. మాకు గుర్తుకు వచ్చేవి వేరు. ఒక రాత్రి జాతీయ రహదారి మీద తనిఖీలో ఒక కారు డిక్కీలో రెండు గోనె సంచులు దొరికాయి. మధ్యవర్తులుగా, అంటే స్వాధీనానికి సాక్షులుగా, ఇద్దరు ప్రభుత్వోద్యోగులను పిలిపించాము. తూచడానికి మా దగ్గర కాటా లేదు. ఎదురుగా ఉన్న కిరాణా దుకాణదారుణ్ణి నిద్ర లేపి, అతని ఎలక్ట్రానిక్ కాటా తెచ్చి, టార్చిలైటు వెలుగులో తూచాము. 20 కిలోల 300 గ్రాములు వచ్చింది. అదే అంకె మధ్యవర్తుల నివేదికలో రాసి సంతకాలు పెట్టించాము.

ఈ అంకెకు ఉన్న బరువు చాలామందికి తెలియదు. గంజాయి 20 కిలోలు దాటితే చట్టంలో అది వాణిజ్య పరిమాణం. అప్పుడు శిక్ష 10 ఏళ్లకు తగ్గదు, 20 ఏళ్ల దాకా వెళ్తుంది. 37వ సెక్షన్ అడ్డుపడి బెయిలు దొరకడం దుర్లభం అవుతుంది. 20 కిలోల లోపయితే శిక్షకు కనీస పరిమితి ఉండదు, గరిష్ఠం 10 ఏళ్లు. ఆ 300 గ్రాముల మీద ఒక మనిషి జీవితంలో పదేళ్లు వేలాడుతున్నాయి. కోర్టులో ముద్దాయి తరఫు వకీలు నన్ను రెండే ప్రశ్నలు అడిగారు. ఆ కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు ఎప్పటిదాకా ఉంది? 20 కిలోల 300 గ్రాముల్లో గోనె సంచుల బరువెంత? రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. బోనులో నిలబడి తల దించుకున్న ఆ క్షణం నాకు ఇవాళ్టికీ గుర్తే.

కార్యదర్శి గారూ, ఇప్పుడు మీ తీర్మానాన్ని ఆ రాత్రికి అన్వయించి చూడండి. సరుకు 20 కిలోలు దాటితే కేసు బలపడుతుంది, ముద్దాయి కారూ ఇల్లూ జప్తు దాకా వెళ్తాయి, అందులో సగం మా స్టేషనుకు వస్తుంది అని మాకు తెలిసి ఉందనుకోండి. కాటా చూసే కంటికి ఆ ఆలోచన తగలకుండా ఉంటుందా? నేను నిజాయితీగా పనిచేశానని నమ్ముతాను. అయినా ఆ పరీక్ష నాకు పెట్టవద్దనే చెబుతాను. తూచేవాడికి తూకం మీద లాభం ఉండకూడదు, బజారులోనైనా స్టేషనులోనైనా.

మరో సంగతి. డబ్బు వచ్చే కేసుల వైపు బలగం మొగ్గుతుంది. గంజాయి బండి పట్టుకుంటే స్టేషనుకు వాటా వస్తుంది. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆడబిడ్డ ఫిర్యాదుకు ఏం వస్తుంది? తప్పిపోయిన ముసలాయన కోసం తిరిగినందుకు ఏం వస్తుంది? ఉన్నదే నలుగురు కానిస్టేబుళ్లు అయినప్పుడు, వాళ్లను ఎటు పంపాలో నిర్ణయించే అధికారి మనసులో ఈ లెక్క చేరకూడదు.

అవసరాలు మాత్రం నిజమైనవే. కొత్త సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం అంతా ఆడియో, వీడియోలో రికార్డు చేసి మేజిస్ట్రేటుకు పంపాలి. చాలా చోట్ల సిబ్బంది సొంత ఫోన్లతోనే తీస్తున్నారు. ఆ ఫోను పాడైనా, పోయినా సాక్ష్యం సంగతి ఏమిటి? 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషనులో లాకప్పులు, వరండాలు, గేట్లు అన్నీ కనిపించేలా సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డు 18 నెలలు భద్రపరచాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కెమెరా కొనడం ఒక ఎత్తు, అది పాడైతే బాగుచేయించడానికి ఏటా డబ్బు ఉండడం మరో ఎత్తు. పోలీసు బలగాల ఆధునికీకరణ పథకం 1969-70 నుంచి ఉంది. మన రాష్ట్రానికి కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం. ఇచ్చిన సొమ్ము ఖర్చు చేశామని చూపే వినియోగ ధ్రువపత్రాలు సకాలంలో వెళ్లకపోతే తరువాతి విడత ఆగుతుంది. మీ సంఘం అడగవలసిన గట్టి ప్రశ్న అక్కడ ఉంది.

జవాబు 3: రుషికొండ

ఉద్యోగరీత్యా అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో చాలా ఏళ్లు ఉండి, ఇప్పుడు విశాఖకు తిరిగి వచ్చాను. మీరు అడుగుతున్న పద్ధతిని ఆ దేశం దశాబ్దాలుగా అమలు చేస్తోంది. దాని ఫలితం నేను దగ్గరగా గమనించాను కాబట్టి రాస్తున్నాను.

1984లో చేసిన సమగ్ర నేర నియంత్రణ చట్టంతో అక్కడ ఈ వాటాల పద్ధతి పుంజుకుంది. స్థానిక పోలీసులు పట్టుకున్న ఆస్తిని కేంద్ర సంస్థలకు అప్పగిస్తే, అమ్మకపు సొమ్ములో 80 శాతం దాకా తిరిగి స్థానిక పోలీసు శాఖకే చేరుతుంది. దానికి తోడు అక్కడ కేసు ఆస్తి మీద నడుస్తుంది, మనిషి మీద కాదు. యజమానికి శిక్ష పడకపోయినా, అసలు నేరారోపణే చేయకపోయినా ఆస్తి పోవచ్చు. రహదారి మీద కారు ఆపి, లోపల నగదు కనిపిస్తే అది మాదకద్రవ్యాల డబ్బేనని అనుమానించి తీసుకున్న సందర్భాలు కోకొల్లలు. తిరిగి తెచ్చుకోవాలంటే వకీలు ఖర్చు పోయిన సొమ్ము కంటే ఎక్కువవుతుంది కాబట్టి, చాలామంది వదిలేసుకునేవారు. వదిలేసుకునేవారిలో పేదవారే ఎక్కువ.

ఇండియానా రాష్ట్రంలో టైసన్ టింబ్స్ అనే వ్యక్తి కొద్దిపాటి హెరాయిన్ అమ్మి దొరికిపోయాడు. ఆ నేరానికి గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లు. పోలీసులు తీసుకున్న అతని ల్యాండ్ రోవర్ కారు విలువ సుమారు 42,000 డాలర్లు. ఆ కారును అతను తండ్రి మరణానంతరం వచ్చిన బీమా సొమ్ముతో కొనుక్కున్నాడు, మత్తుమందు డబ్బుతో కాదు. 2019 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు, మితిమీరిన జరిమానాలు విధించరాదన్న రాజ్యాంగ నిబంధన రాష్ట్రాలకూ వర్తిస్తుందని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. న్యూ మెక్సికో రాష్ట్రం 2015లోనే శిక్ష పడకుండా ఆస్తి తీసుకునే పద్ధతిని రద్దు చేసి, జప్తు సొమ్ము పోలీసులకు కాక రాష్ట్ర సాధారణ నిధికి వెళ్లేలా మార్చింది.

నేనున్న నార్త్ కరోలినా సంగతి మరీ ఆలోచించదగినది. జరిమానాలు, జప్తుల సొమ్ము ప్రభుత్వ పాఠశాలలకే వాడాలని ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. ఇది చదివి నేను చాలా సంతోషించాను. కానీ అక్కడి పోలీసు శాఖలు ఆస్తిని కేంద్ర సంస్థల ద్వారా జప్తు చేయించి, బడులకు పోవలసిన సొమ్మును వాటా రూపంలో తామే తెచ్చుకునే దారి ఒకటి మిగిలిపోయింది. వాటా అనే మాట ఒకసారి చట్టంలో చేరితే, మంచి నిబంధన పక్కనే దాన్ని దాటే తోవ కూడా పడుతుంది. మన దేశంలో ఆ మాట ఇంకా చేరలేదు. దాన్ని మన చేతులతో మనమే చేర్చవద్దని కార్యదర్శి గారికి నా విన్నపం.

జవాబు 4: కంచరపాలెం ఆటో యజమాని

నమస్కారం. పెద్దలందరూ చట్టం గురించి మాట్లాడుతున్నారు. ఆ గోడ పక్కన నిలబడిన ఆటోల్లో ఒకటి నాది అయి ఉండవచ్చు కాబట్టి, నేను కూడా నాలుగు మాటలు రాస్తున్నాను.

మా వారు పోయాక ఆయన ఆటోను రోజు కిరాయికి ఇచ్చి ఇల్లు నడుపుకుంటున్నాను. ఫైనాన్సు వాయిదాలు ఇంకా ఉన్నాయి. ఒక తెల్లవారుజామున రైల్వేస్టేషను వైపు వెళ్లే ఇద్దరు ప్రయాణికులను డ్రైవరు ఎక్కించుకున్నాడు. వాళ్ల బ్యాగుల్లో గంజాయి దొరికింది. వాళ్లతో పాటు ఆటో కూడా స్టేషనుకు వెళ్లింది. నా మీద కేసు లేదు, డ్రైవరును కూడా సాక్షిగానే రాశారు. అయినా గంజాయి కేసులో బండి తిరిగి ఇవ్వరని అందరూ చెబుతుంటే నేను నమ్మాను. నెల నెలా వాయిదా కడుతూ, ఆటో లేని ఆటో యజమానిగా పదకొండు నెలలు గడిపాను.

తరువాత ఒక వకీలు గారు, 2025 జనవరిలో బిశ్వజిత్ డే కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిందనీ, నేరంతో సంబంధం లేని యజమానికి గంజాయి వంటి కేసుల్లో కూడా విచారణ ముగిసేదాకా వాహనాన్ని షరతులతో ఇవ్వవచ్చనీ చెప్పి పిటిషను వేశారు. అది అస్సాంలో ఒక లారీ యజమాని పోరాడి తెచ్చుకున్న తీర్పట. ఎక్కడో ఉన్న ఆయన పుణ్యాన నా ఆటో నాకు వచ్చింది.

తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు, తాళం చెవికి కట్టిన అట్టముక్క మీద క్రైమ్ నంబరు ఎండకు వెలిసిపోయి సగం అంకెలే కనిపించాయి. బ్యాటరీ లేదు. ముందు టైరు పక్కలు పగిలిపోయాయి. వెనక సీటు రెగ్జిను చిరిగి, లోపలి స్పాంజి కింద ఎలుకలు పిల్లలు పెట్టాయి. మా వారు స్వయంగా రంగుతో రాయించుకున్న పిల్లల పేర్లు మాత్రం వెనక అద్దం మీద అలాగే ఉన్నాయి. బండిని తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్తుంటే ఆ పేర్లు చూసి నాకు ఏడుపు ఆగలేదు.

కార్యదర్శి గారూ, మీరు మంచి మనసుతోనే రాశారని నాకు తెలుసు. ఆ వాహనాల్లో దొంగలవి ఉన్నాయి, నావంటివారివి కూడా ఉన్నాయి. గోడ బయట నుంచి చూస్తే ఏది ఎవరిదో తెలియదు. నా ఆటో అమ్మితే స్టేషనుకు కెమెరా వస్తుందని అక్కడ రాసిపెట్టి ఉంటే, ఆ పిటిషనుకు పోలీసులు అభ్యంతరం లేదని చెప్పి ఉండేవారా అని నాకు భయం వేస్తోంది.

జవాబు 5: పాడేరు మాస్టారు

నా అభిప్రాయం కొంత వేరు. వాటా స్టేషనుకు వద్దన్నంతవరకు అందరితో ఏకీభవిస్తాను. కానీ సొమ్మంతా ఢిల్లీ నిధికి వెళ్లి, ఇక్కడికి ఏం తిరిగి వచ్చిందో ఎవరికీ తెలియని పరిస్థితి న్యాయమని మాత్రం నేను ఒప్పుకోను. మన్యంలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. 2021లో పరివర్తన పేరుతో మా కొండల్లో గంజాయి తోటలు నరికినప్పుడు చూశాను, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టినప్పుడు ఆ వార్త మా బడి పిల్లలకు చదివి వినిపించాను. తోట పోయిన గిరిజన రైతుకు మరుసటి ఏడాది కాఫీ మొక్క, మిరియం తీగ చేతికి అందాలి. కాఫీ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ మూడు నాలుగేళ్లు ఇల్లు గడిచే దారి చూపకపోతే, పెట్టుబడి పట్టుకుని వచ్చే దళారి మళ్లీ గుమ్మంలో నిలబడతాడు. మా పిల్లల్లో కొందరు కూలి డబ్బుకు ఆశపడి సంచి మోసి జైళ్లలో ఉన్నారు. పెట్టుబడి పెట్టినవాడి ఇల్లు మాత్రం ఏ నగరంలోనో భద్రంగా ఉంటుంది.

ఖనిజాల విషయంలో 2015లో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. గని వల్ల నష్టపోయిన ప్రాంతానికే ఆ సొమ్ములో భాగం చేరాలన్నది వాటి ఉద్దేశం. గంజాయి జప్తు సొమ్ముకు కూడా అలాంటి జిల్లా నిధి ఉండి, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ప్రత్యామ్నాయ పంటలకూ, విశాఖలో వ్యసన విముక్తి చికిత్సకూ ఖర్చు కావాలి. 7ఎ సెక్షన్ చెప్పిన ప్రయోజనాల్లో చికిత్స, పునరావాసం ఉన్నాయని న్యాయవాది గారే రాశారు. కార్యదర్శి గారి కాలనీలో గంజాయి తాగే పదో తరగతి పిల్లవాడికి గస్తీ బండి కంటే ముందు వైద్యుడు కావాలి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు: కాలనీ సంఘం కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. కంచరపాలెం అమ్మా, మీ జవాబు నిన్న రాత్రి మా కార్యవర్గ సభ్యులకు చదివి వినిపించాను. తీర్మానాన్ని ప్రతిపాదించిన పెద్దాయనే ఆ వాక్యాన్ని కొట్టేయమన్నారు. స్టేషనుకు సగం వాటా అన్న మాట తీసేశాము.

కొత్త ముసాయిదాలో ఇలా అడుగుతున్నాము: 497వ సెక్షన్ గడువుల ప్రకారం ఆవరణలోని వాహనాల పట్టిక తయారు చేయించి, ఇవ్వదగినవి యజమానులకు ఇప్పించాలి, అమ్మదగినవి అమ్మించాలి. స్టేషనుకు ముద్ర వేసిన కాటా, రికార్డింగుకు ప్రభుత్వ ఫోను, కెమెరాల నిర్వహణకు ఏటా కేటాయింపు రాష్ట్ర బడ్జెట్ నుంచి ఇవ్వాలి. పాడేరు మాస్టారు చెప్పిన చికిత్స సంగతిని పార్లమెంటు సభ్యుడికి వేరే లేఖగా రాస్తాము. ఒక్క సందేహం మిగిలింది. విచారణ ముగియకముందే వాహనాన్ని అమ్మేస్తే, తరువాత యజమాని నిర్దోషి అని తేలితే ఏం ఇస్తారు?

న్యాయవాది, జిల్లా కోర్టు ప్రాంగణం

బండి ఎలాగూ రాదు కాబట్టి అమ్మగా వచ్చిన సొమ్మే ఇవ్వాలి. అందువల్ల ఆ సొమ్ము కేసు తేలేదాకా వేరుగా, ఆ క్రైమ్ నంబరు పేరిటే ఉండాలి. వడ్డీ వచ్చే డిపాజిట్టుగా ఉంచమని కోర్టును కోరవచ్చు. దాన్ని ముందే ఖర్చు పెట్టే వీలు ఏ శాఖకూ ఉండరాదన్న మాట మీ ముసాయిదాలో స్పష్టంగా రాయండి. గంజాయి కేసుల వాహనాలకు 2022 డిసెంబరు నాటి నియమాలు కూడా ఉన్నాయి. వాటి ప్రకారం అమ్మకం టెండరు ద్వారా గాని వేలం ద్వారా గాని జరగాలి. వేలానికి ముందు యజమానికి, ఫైనాన్సు ఇచ్చినవారికి నోటీసు వెళ్లేలా చూడమని కూడా అడగండి. చాలాసార్లు నోటీసు పాత చిరునామాకు వెళ్లి తిరిగి వచ్చేస్తుంది.

విశ్రాంత ఎస్సై

కాటా గురించి రాసేటప్పుడు ఇంకొక మాట చేర్చండి. సంచితో సహా తూచిన బరువు, సంచి తీసేసి తూచిన బరువు రెండూ మధ్యవర్తుల నివేదికలో వేర్వేరుగా రాయాలి, కాటా మీది ముద్ర గడువు తేదీ కూడా అదే కాగితంలో ఉండాలి, తూచే దృశ్యం వీడియోలో అంకె కనిపించేలా ఉండాలి. కాటా కొనేటప్పుడు బ్యాటరీతో పనిచేసేది, కనీసం 100 కిలోలు తూగేది కొనాలి. రహదారి పక్కన కరెంటు ప్లగ్గు ఉండదు.